పన్నెండు పేజీల కోసం విశాఖ దాకా

విశాఖపట్నం వెళ్ళి కైలాసగిరి ఎక్కకుండా, సింహాచలం అప్పన్నను చూడకుండా తిరిగొచ్చే మనిషి ఉంటాడా అని మా చీరాలలో అందరూ అడిగారు. ఉంటాడు, నేనే. మూడు రోజులున్నాను. ఒక పాత కాగితాల కొట్టూ, ఎండుచేపల సంతా, ఒక జాలరివారి ఇంటి గోడా చూసి వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను. వెళ్ళి కొండలు మాత్రమే చూసి వచ్చినవాళ్ళు చదివినా నష్టం లేదు.

ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. ఎనిమిదో ఏట మా నాన్న మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. తెలుగు అక్షరాలు మా అమ్మ ఇసుకలో దిద్దించింది. ఇంగ్లీషు మాత్రం ఒక చిరిగిన పుస్తకం నేర్పింది. అప్పట్లో మా ఊళ్ళో అమెరికా దొరసానుల ఆసుపత్రి ఉండేది. అక్కడి కాంపౌండరు పాత పుస్తకాల పేజీలు చింపి మందు పొట్లాలు కట్టేవాడు. అమ్మ జ్వరానికి మందు కోసం వెళ్ళినప్పుడు, చింపగా మిగిలిన పుస్తకం ఒకటి బతిమాలి తెచ్చుకున్నాను. అమెరికాలో చిన్నపిల్లలకు మొట్టమొదట చదవడం నేర్పే వాచకం అది. నా చేతికి వచ్చేసరికి పదమూడో పేజీతో మొదలవుతోంది. ముందున్న పన్నెండు పేజీలూ ఎవరెవరి జ్వరాలకో ఖర్చయిపోయాయి. కాంపౌండరు చెప్పిన ఇరవయ్యారు అక్షరాలు పట్టుకుని, బొమ్మల ఆసరాతో, పడుగులోంచి పేక దాటించినట్టు ఒక్కో మాటా లాక్కుంటూ చదివాను. ఆరేళ్ళు పట్టింది.

అప్పటినుంచీ నాకొకటే పిచ్చి. ఆ దేశపు పిల్లలు ఏ పుస్తకాలతో చదువు మొదలెట్టారు అని. దొరికిన చోటల్లా వెతికాను, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఉత్తరాలు రాశాను. తేలింది టూకీగా చెబుతాను. మొదట్లో వాళ్ళకు పుస్తకమే లేదు. పిడి ఉన్న చిన్న చెక్కపలక మీద ఒక్క కాగితం అంటించి, మాసిపోకుండా పశువు కొమ్మును పల్చగా చీల్చిన పొర కప్పేవారు. పైన అక్షరాలు, కింద ప్రార్థన. తరవాత చిట్టి పుస్తకాలొచ్చాయి. అక్షరానికో పద్యం, పద్యానికో పాపం. పసివాడికి చావు గురించి చెప్పనిదే అక్షరం చెప్పేవారు కారు. ఇంగ్లండు పెత్తనం వదిలాక, స్పెల్లింగు కూడా మాకు వేరే ఉండాలని కొత్త పుస్తకాలు వేసుకున్నారు. ఆపైన ఒకటో వాచకం, రెండో వాచకం అంటూ మెట్లు కట్టారు. ప్రతి మెట్టు మీదా నిజం చెప్పిన కుర్రాడికి బహుమానం, అబద్ధమాడినవాడికి శాస్తి. మా కాలానికి పాపమూ పోయింది, శాస్తీ పోయింది. రంగు బొమ్మలు, శుభ్రమైన ఇల్లు, నవ్వే అమ్మా నాన్నా, ఓ కుక్క, పేజీకి నాలుగే మాటలు, ఆ నాలుగే మళ్ళీ మళ్ళీ. ముందు అక్షరం నేర్పాలా, ముందు మాట నేర్పాలా అని అక్కడి పెద్దలు కొట్టుకున్నారు. ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఇదంతా తెలుగులో పుస్తకం రాసి ప్రెస్సుకిచ్చాను. మొదటి అధ్యాయం నన్ను చదివించిన వాచకం మీదే. అది ప్రార్థనతో మొదలవుతుందని రాశాను. చివరి పేజీలో ప్రార్థన ఉంది, కనుక మొదట్లోనూ ఉండి తీరాలని నా ఊహ. ఆ అధ్యాయం ముందుగా ఒక చిన్న పత్రికలో వచ్చింది. రావడమే తడవు, ఒక ఇంగ్లీషు లెక్చరరుగారు ఉత్తరం అచ్చువేయించారు: "ఆ వాచకాన్ని నేను కళ్ళారా చూశాను. ప్రార్థన లేదు. మొదటి పాఠం కోడిపెట్ట గురించి. పుస్తకం మొదలు చూడనివారు దాని చరిత్ర రాయబూనడం మన దౌర్భాగ్యం."

నాకు ఒళ్ళు మండింది. పట్టా ఉన్నవాడు చూశానంటే చూసినట్టు, లేనివాడు చదివినా చదవనట్టా? అయినా రాత్రంతా ఆలోచిస్తే ఒక సంగతి తెలిసింది. నేను చూడలేదు. ఆ మాట నిజమే. నా పుస్తకం మొదటి పేజీలోనే తప్పుంటే, మిగతా మూడు వందల పేజీలూ ఎవడు నమ్ముతాడు? ప్రెస్సువాడితో మొదటి అధ్యాయం ఆపమని చెప్పాను. సరిగ్గా అప్పుడే విశాఖ స్టీల్ ప్లాంటులో పనిచేసే మా మేనల్లుడు ఉత్తరం రాశాడు. "మామయ్యా, ఇక్కడ ఓడరేవు దగ్గర పాత కాగితాల కొట్లో నీ పుస్తకంలాంటివి కుప్పగా ఉన్నాయి. వెంటనే రా."

ఇది రెండువేల రెండులో, మాఘమాసంలో.

పాత పోస్టాఫీసు వీధి

మేనల్లుడి క్వార్టరు నుంచి సిటీ బస్సులో గంటకు పైగా ప్రయాణం. ఓడరేవు దగ్గరికొచ్చేసరికి రోడ్డుకూ గోడలకూ లారీలకూ ఒకటే ఎరుపు, ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము. పాత పోస్టాఫీసు దగ్గర దిగి ఇడ్లీ తిన్నాను. ప్లేటు ఆరు రూపాయలు. సాంబారులో బెల్లం వేశారు. ఇదేమిటని అడిగితే, "బెల్లం లేకపోతే అది సాంబారేటండీ?" అన్నాడు సర్వరు. మా వైపు సాంబారులో బెల్లం వేస్తే కంచం తిరిగొస్తుంది.

కొట్టు యజమాని అప్పలరాజు. నలభై ఏళ్ళుంటాయి. ఒట్టి బనీనుతో కూర్చుని లెడ్జరు కాగితాలు విడదీస్తున్నాడు.

"రండి మాస్టారూ, ఏటి గావాల?"

"నేను మాస్టర్ని కాదు. నేతపనివాణ్ణి."

"అలాగేనండి మాస్టారూ. ఏటి గావాలి మరి?"

చూపిస్తే తెలుస్తుంది కదా అని సంచిలోంచి నా పుస్తకం తీసి బల్లమీద పెట్టాను. నేను కళ్ళజోడు తుడుచుకునేలోగా కొట్లో పనివాడు దాన్ని తీసుకెళ్ళి కాటాలో పడేశాడు. "నూటేబై గ్రాములు" అని కేకేశాడు. అరవై ఏళ్ళ నా చదువు బరువు అది. నేను లేచి కేకలేస్తే అప్పలరాజు నవ్వు ఆపుకుంటూ పుస్తకం తెచ్చిచ్చాడు.

"కోప్పడకండి. ఆడికి కాయితం కనబడితే తూసీడవే. ఇలాటివా? అటక మీదున్నాయి, దింపుతాను."

నలభై దాకా దింపాడు. చూడగానే గుర్తుపట్టాను. అదే వాచకం, అవే బొమ్మలు. పాతదాన్నే అమెరికాలో ఈ మధ్య మళ్ళీ అచ్చువేశారట. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లో చదువు చెప్పుకునేవాళ్ళు కొంటారట. వాడగా మిగిలినవి బేళ్ళు కట్టి పాత కాగితం కింద ఓడలో ఎక్కిస్తే ఇక్కడ దిగాయి. ఒకటి తెరిచాను. ఏడో పేజీ. ఇంకోటి తెరిచాను. తొమ్మిదో పేజీ. నలభై పుస్తకాలూ తిరగేశాను. నలభైకీ తలల్లేవు.

"ముందు పేజీలేవయ్యా?"

"ఉండవండి. ఓడలో పాతకాయితవని దిగిందా, పాతకాయితంగానే మిల్లుకెల్లాలి. బుక్కుగా అమ్మకూడదు. అందుకని బేలు ఇప్పగానే అట్టా, ముందు కాయితాలూ సర్రున సింపీడవే. గోడౌన్లో ఆడోల్లకి అదే పని."

"అమెరికాలో పిల్లవాడు చేత్తో పట్టుకున్న పుస్తకం ఇక్కడ చదవడానికి పనికిరాదా? చింపి చంపితేగాని దింపరా?"

"నన్నేటి సెయ్యమంటారు? రూలు నాను రాసినానేటి?"

అతన్ని అని లాభం లేదు. చింపినవి ఏమయ్యాయని అడిగాను. తల గోక్కుని ఆలోచించాడు. "మూడేల్ల కిందట మాటండి. తగరపువలస సంతలో సేపల నూకాలమ్మని ఉంది, ఆవిడ అట్టుకెల్లిపోనాది. బొమ్మలున్న కాయితవే గావాలంటాది. ఎండుసేపలకి బొమ్మలెందుకే అంటే తిడతాది కూడాను. రేపు సంత. ఎల్లి సూడండి."

మధురవాడలో ఆగిన బస్సు

రెండో రోజు తగరపువలస బస్సెక్కాను. మధురవాడ దాటకుండానే టైరు పేలింది. గంట నిలబడ్డాను. కట్టిన మేడలకంటే కడుతున్న మేడలే ఎక్కువ అక్కడ. కాన్వెంటు స్కూలు బోర్డులు వరసగా ఉన్నాయి. ఒక బోర్డు మీద, ఆవరణలో తెలుగు మాట్లాడితే జరిమానా అని తెలుగులోనే రాశారు. ఇంగ్లీషులో రాస్తే తల్లిదండ్రులకు తెలియదు కదా! నాకు నవ్వు రాలేదు. పక్కన నిలబడ్డ కండక్టరుతో అన్నాను, ఇంగ్లీషు నేర్చుకోవడానికి నేను తెలుగు మానలేదయ్యా అని. "తాతా, నువ్వు మానకపోతే ఆల్లకేటి? ఫీజు నువ్వు కట్టవు కదా" అన్నాడు. అక్కడ టీ రెండు రూపాయలు, కొట్టువాడు గ్లాసులో సగమే పోశాడు.

తగరపువలస సంత

ఎండుచేపల వరస ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. ముక్కే చెబుతుంది. అమ్మేవాళ్ళందరూ ఆడవాళ్ళే. మగవాళ్ళు బుట్టలు దించి పక్కకెళ్ళి బీడీలు కాల్చుకుంటున్నారు. మా నేతవాళ్ళలో ఆడది కండెలు చుడుతుంది, రంగులద్దుతుంది, చీర నేసిన పేరు మాత్రం మొగుడిది. షావుకారు దగ్గరికి వెళ్ళేదీ వాడే. ఇక్కడ వేట మగవాడిది, ఒడ్డుకొచ్చాక చేపా, ధరా, మాటా ఆడదానివి.

నూకాలమ్మకు యాభై పైన ఉంటాయి. ముక్కుకు రెండు పక్కలా నత్తులు. పొగచుట్ట నోట్లో ఉండగానే మాట్లాడుతుంది.

"కాయితాలా? ఏ కాయితాలు? కేసేటి బాబూ?"

"కేసు కాదమ్మా. అమెరికా పుస్తకాల్లోంచి చింపిన పేజీలు. చదువుకోవడానికి."

"ఈ వొయసులో సదువేటి? ఇంటికాడ తోసీరా ఏటి నిన్ను?" పక్క బుట్టలవాళ్ళందరూ నవ్వారు. చుట్ట తీసి కిందపెట్టింది. "సగం నెత్తల్లకి సుట్టి అమ్మీసినాను. బొమ్మలున్నయి ఇంట్లో గోడకంటించినాను. ఉప్పుగాలికి గోడ రాలిపోతాది గదా, కాయితం ఏస్తే ఆగుతాది. బొమ్మయితే సూడ్డానికీ బాగుంటాది."

ఏ బొమ్మలు అని అడిగాను.

"ఒక బడి ఉంది. ఒక కోడుంది. ఇంకేటో ఉన్నాయి. నాకు తెల్దు, నాను సదివినానేటి? రేపు ఇంటికి రా. రుసికొండ కింద ఎర్రయ్యిల్లు ఎక్కడంటే సెప్తారు. ఇప్పుడు మాత్రం అడ్డు తప్పుకో, బేరం పోతాది."

ఒట్టి చేతులతో వెళ్ళడం బాగుండదని పావుకిలో నెత్తళ్ళు, వేలెడంత ఎండుచేపలు, కొన్నాను. క్వార్టర్లో మేనల్లుడి భార్య తలుపు తీసి ముక్కు మూసుకుంది.

రుషికొండ కింద

మూడో రోజు పొద్దున్నే వెళ్ళాను. పైన కొండ మీద గాజు అద్దాల ఆఫీసులు లేస్తున్నాయి. కింద తాటాకు ఇళ్ళు, తిరగేసిన తెప్పలు, ఎండేసిన వలలు. నూకాలమ్మ భర్త ఎర్రయ్య వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. కాలి బొటనవేలికి దారం తగిలించి కండె తిప్పుతున్న తీరు చూస్తే మగ్గం మీద తెగిన పోగు ముడివేసేటప్పటి మా చేతులే గుర్తొచ్చాయి. ఆ మాట అన్నాను. "మీది ఏసుకుంటారు, మాది ఏసుకుంటే సముద్రం నవ్వుతాది" అన్నాడు.

చోడి అంబలి గిన్నెడు ఇచ్చారు. చోళ్ళంటే మా రాగులే. నంజుకోను వేయించిన నెత్తళ్ళు, నేను నిన్న కొన్నవాటికంటే మంచివి. అంబలి తాగుతూ గోడకేసే చూస్తున్నాను. చీకటి గదిలో సినిమా పేజీలు, కాలెండర్లు, వాటి మధ్య మసిబారి, పొయ్యికి ఎగువగా, నేను ఎన్నడూ చూడని రెండు కాగితాలు.

నూకాలమ్మ దీపం ఎత్తిపట్టింది. ఒక కాగితం మీద పుస్తకం పేరు, కింద బడి బొమ్మ. ఒకటో పేజీ. పక్కదాని మీద మూడో పేజీ, పాఠం ఒకటి అని పెద్ద అక్షరాలు, కింద కోడి.

లెక్చరరుగారు చెప్పిన కోడి.

నా వాదన సగం పోయింది అనుకున్నాను. కానీ మనిషి ఆశ చెడ్డది. ఒకటో పేజీ కనబడుతోంది, మూడో పేజీ కనబడుతోంది. మధ్యలో రెండో పేజీ బడి బొమ్మ వెనక గోడకంటుకుని ఉంది. ప్రార్థన ఉంటే అక్కడే ఉండాలి. ఉండొచ్చు కూడా. ఉందని రాసేస్తే కాదనేవాడెవడు? గోడ ఎర్రయ్యది, రహస్యం నాది. లెక్చరరుగారు చూశానంటున్నాడు, నేనూ చూశానంటాను. ఈ ఆలోచన నాకు రాలేదని అబద్ధమాడను. వచ్చింది. అంబలి గిన్నె ఖాళీ అయ్యేదాకా ఉంది కూడా.

"ఆ బడి కాగితం ఊడదీసి చూడనిస్తారా?" అని అడిగాను.

"తీసుకో బాబూ, కాయితవే గదా" అన్నాడు ఎర్రయ్య.

"నువ్వేటి తీసుకో అంటావు? గోడ మెత్తింది నాను, జిగురు కాసింది నాను!" అని నూకాలమ్మ లేచింది. ఎర్రయ్య వలలోకి తల దించేసుకున్నాడు. నాకేసి తిరిగింది. "అది తీత్తే మట్టి రాలిపోద్ది. ఎనకాలేటుందని నీకంత ఆత్రం?"

చెప్పాను. మందు పొట్లాలూ, పన్నెండు పేజీలూ, ప్రెస్సులో ఆగిన పుస్తకమూ, లెక్చరరుగారి ఉత్తరమూ. ప్రార్థన ఉందా లేదా, అంతే నాకు కావలసింది అన్నాను.

"లేకపోతే?"

"లేకపోతే నేను రాసింది తప్పు. కొట్టెయ్యాలి."

ఆవిడ తడిగుడ్డ తెచ్చింది. "ఊడదీసి మల్లీ అంటించీవాలి. నాను సెయ్యను, నువ్వే మైదా కాయాల. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఆవిడ గుడ్డతో అంచులు తడిపి, చేప పొలుసు తీసినంత ఓర్పుగా కింది నుంచి లేపుకుంటూ వచ్చింది. గుప్పెడు మట్టి రాలింది. కాగితం తిప్పి దీపం దగ్గర పెట్టింది. కళ్ళజోడు పైకి తోసి, కిందికి లాగి చదివాను.

ప్రార్థన లేదు. పంతుళ్ళకు సూచన అని ఉంది. పిల్లలతో ముందే అక్షరాలు వల్లెవేయించవద్దు, వస్తువు చూపించి, పేరు పలికించి, ఆ తరవాత మాట చదివించమని రాశాడు. ఆఖర్న ఇంకో వాక్యం. పక్కన పంతులు లేకుండా ఈ పుస్తకాన్ని పిల్లల చేతికి ఇవ్వరాదు.

రెండోసారి చదివాను. కాంపౌండరు ఈ పేజీ చింపి ఎవరికో జ్వరం మందు కట్టబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పుస్తకం నాకు రాదని ముందే తెలిసి ఊరుకుందును.

"ఉందా?" అంది నూకాలమ్మ.

"లేదు."

"పోన్లే. రాలిన మట్టి ఎవులిదనుకున్నావు, నాది గదా. నాకే లేదు బాధ."

నేనక్కడే పొయ్యి దగ్గర కూర్చుని మైదా కాశాను. ఉండలు కట్టింది. ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ కాసింది. కాగితం దాని చోట అంటించాక, నేను నోటుపుస్తకంలోకి రెండో కాగితం, పాఠం ఒకటి, ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ వెనకాల నిలబడింది.

"మూడేల్లయి సూత్తన్నాను. కిందేటి రాసినారు?"

"ఇది కోడిపెట్ట. పెట్టను చూడు. పెట్ట గుడ్డు పెడుతుంది."

"ఏ పెట్ట?"

"ఇదిగో, ఈ పెట్ట."

ఆవిడ పకపకా నవ్వి మొగుణ్ణి కేకేసింది. "ఓయ్, ఇటొచ్చి సూడు! అమెరికావోల్ల పుంజు గుడ్డెడతాదంట!"

ఎర్రయ్య వల పక్కన పెట్టి లోపలికొచ్చాడు. దీపం తీసుకుని దగ్గరగా చూశాడు. పందెపు కోళ్ళు ఎరిగిన మనిషి. "పుంజే. జుట్టు సూడండి, నిలబడుంది. తోక ఈకలు ఒంగినాయి. కాలికి ముల్లుంది. పెట్టకి అంత ముల్లుండదు. నాలుగేల్ల పుంజిది."

చూశాను. నిజమే. జుట్టు, తోక, కాలి ముల్లు. ఎవరు గీశారో గీశారు, ఎవరు రాశారో రాశారు, ఒకళ్ళ పని ఒకళ్ళు చూసుకోలేదు. ముందు వస్తువు చూపించి తరవాత మాట చెప్పమన్నవాళ్ళు, తాము మాత్రం వస్తువు కేసి చూడలేదు. ఎంతమంది పిల్లలు, ఎంతమంది పంతుళ్ళు ఆ పుంజును పెట్ట అని చదివారో!

"దీన్ని నా పుస్తకంలో రాస్తాను, మీ పేరుతో" అన్నాను.

"నూకాలమ్మని ఒట్టిగా రాయకు, సానామంది ఉన్నారు. సేపల నూకాలమ్మ, తగరపువలస అని రాయి" అంది. ఎర్రయ్య నావైపు చూశాడు గాని, తన పేరు కూడా వేయమని అడగలేదు.

తిరుగు రైల్లో

అనకాపల్లి దాటేదాకా కిటికీ పక్కన కూర్చుని కొండలు చూశాను. తుని దగ్గర నోటుపుస్తకం తీశాను. ముందు ప్రెస్సువాడికి రాశాను: మొదటి అధ్యాయం మొదటి పేజీ కొట్టెయ్యి, కొత్తది పంపుతున్నాను. తరవాత రెండోది రాశాను. రాజమండ్రిలో రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీది పోస్టు పెట్టెలో వేశాను. అందులో ఉన్నది ఇంతే:

"లెక్చరరు గారికి నమస్కారాలు. ఆ వాచకం మొదటి పేజీలు నిన్న చూశాను. ప్రార్థన లేదు. మీరన్నదే నిజం, నేను రాసింది తప్పు. ఆ సంగతి నా పుస్తకంలో మీ పేరుతోనే ఒప్పుకుంటున్నాను. అయితే కళ్ళారా చూశానన్నారు కనుక ఒక్క మాట అడుగుతున్నాను. మొదటి పాఠం బొమ్మలో ఉన్నది పెట్ట కాదు, పుంజు. ఈ సంగతి కనిపెట్టింది తగరపువలస సంతలో ఎండుచేపలు అమ్మే నూకాలమ్మ గారు, ఆమెకు ఏ భాషలోనూ చదువు రాదు. తమరు ఆ పేజీని చదివారా, చూశారా?"